పసుపు గుడ్డ కట్టిన గుర్రపుడెక్క

గుర్రపుడెక్క ఏ రోజు ఏ లాకు దాటుతుందో చెప్పగలిగినవాణ్ణి ఈ డెల్టా మొత్తం మీద నేనొక్కణ్ణే. గట్టున నిలబడి వేలు చూపిస్తే చాలు, అది ఆగి నన్ను దారి అడుగుతుంది. ఆ విద్య లేని చంద్రరావు ఏమయ్యాడో చెబుతాను, వినండి.

చంద్రరావుది కడియం అవతల కాలువ కింద రెండెకరాల చేను. నారు పోసి వారమైంది. ఎగువ నుంచి గుర్రపుడెక్క కలుపు నీటి మీద తేలుతూ దిగుతోంది. అది తూముకు అడ్డం పడితే నారుమడికి చుక్క నీరు రాదు. వ్యవసాయ కాలేజీలో చదివే మనవరాలు లావణ్య ఆ పొద్దున్నే ఫోన్‌లో మ్యాపు గీసింది.

"నాలుగు దుబ్బులకి గుర్తు కట్టి వదులు తాతయ్యా. స్పీడు చూసి మన తూము దగ్గరికి ఎప్పుడొస్తాయో చెప్పేస్తా. ముందురోజే మిషన్ పెట్టి తీయించేద్దాం."

చంద్రరావుకు చేతికందింది, భార్య శ్యామలాంబ నోముకని తడిపి ఆరేసిన పసుపు గుడ్డ. దాన్ని చింపి, ఎర్ర సిరాతో నంబర్లు వేసి, దుబ్బులకు కట్టి ఎగువ వంతెన దగ్గర వదిలాడు. తడికి నంబర్లు చెదిరి బొట్లయ్యాయి.

మర్నాడు తూము పక్క రేవులో బట్టలుతుకుతున్న వీరమ్మ, ఊదాపూల మధ్య పసుపు గుడ్డనూ ఎర్ర బొట్లనూ చూసి చెంపలు వేసుకుంది. గంటలో కొబ్బరికాయలు వచ్చాయి. మధ్యాహ్నానికి మైకు వచ్చింది. సాయంత్రానికి, అమ్మవారు వెళ్ళిపోకుండా కాలువకు అడ్డంగా తాడు కట్టారు. వెనక వచ్చిన గుర్రపుడెక్కంతా ఆ తాడుకు ఆనుకుని, సరిగ్గా తూము ముందర పేరుకుపోయింది.

"అది నేను కట్టిన గుడ్డేనమ్మా," అన్నాడు చంద్రరావు.

"మీ చేత కట్టించుకుందండి," అని వీరమ్మ ఆయన కాళ్ళకు కూడా దండం పెట్టింది.

మిషన్ నడిపే ఏసుపాదం వచ్చి చూసి ఇంజను ఆపేశాడు. "తీయడానికి నాకేంటండి. రేపు ఈ ఊళ్ళో ఎవరికి జలుబు చేసినా ఏసుపాదమే చేశాడంటారు."

మూడోనాటికి నారు కొసలు ఎండసాగాయి. చంద్రరావు మైకు అందుకున్నాడు.

"అమ్మవారు కల్లో కనపడిందండి. కాలవలో చలేస్తోందంట. ఇంటికో దుబ్బు తీసుకెళ్ళమంది."

గంటలో కాలువ అద్దంలా అయింది. పొరుగూళ్ళ వాళ్ళు ఆటోల్లో వేసుకుపోయారు. తూము పారింది, నారు తలెత్తింది, చంద్రరావు మీసం దువ్వాడు.

పదిహేను రోజులకు ఊళ్ళో ఏ గుంట చూసినా, ఏ చేపల చెరువు చూసినా, ఆఖరికి కుడితి తొట్టి చూసినా గుర్రపుడెక్కే. అందరికన్నా ఏపుగా పెరిగింది చంద్రరావు పెరటి గుంటలో. అక్కడి నుంచి పొర్లి, నారుమడికి వెళ్ళే బోదెను పూడ్చేసింది.

"దీన్ని గుంటలో ఎవరు వేశారే?" అన్నాడు చంద్రరావు.

"కల్లోకొచ్చి చెప్పింది మీకే కదండీ," అంది శ్యామలాంబ.

లావణ్య మ్యాపు మూసేసింది. "గాలి లెక్కేశాను, నీటి వడి లెక్కేశాను తాతయ్యా. మామ్మని వేయలేదు."

చంద్రరావు ఇప్పటికీ రోజూ మోకాలి లోతు బోదెలో దిగి చేత్తో పీకుతున్నాడు. వేలు చూపించి కూడా చూశాడు. ఆగలేదు.

ఇందులో నేను కల్పించింది చంద్రరావు అనే పేరొక్కటే. శ్యామలాంబ పేరు మార్చే ధైర్యం నాకు లేదు.