నాలుగో గుండీ

ఆ ఆదివారం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేచి ఒక గుండీ విప్పాలి, దాని చోట ఇంకో గుండీ కుట్టాలి, విప్పినదాన్ని వేరే కోటుకు కుట్టాలి. తొమ్మిదింటికి కోటు పట్టుకుపోయే మనిషి వస్తాడు. పదింటికి అభిమానులు వస్తారు. ఆ లోపల మూడేళ్ల పాపం కొట్టుకుపోతుంది. ఇంతకంటే పెద్ద పథకాలు వేసే గుండె ఆయనకు లేదు.

బయట పొగమంచు ఎదురింటి మెట్లను కూడా మింగేసింది. కొట్లో ఇస్త్రీపెట్టె ఆవిరి ఒకటి దానికి తోడైంది. ఇలాంటి పొద్దున ఎవరైనా ఇంకాసేపు కలగనాలనుకుంటారు గానీ సూదిలోకి దారం ఎక్కించాలనుకోరు.

బల్ల మీద పరిచి ఉన్నది మామూలు కోటు కాదు. నాలుగు వందల పన్నెండు ఎపిసోడ్లు నడిచి, ఒక్క ముడీ విప్పకుండా ఏడాది కిందట ఆగిపోయిన ‘మంచులో మెట్లు’ సీరియల్లో కథానాయిక తొడుక్కున్న బూడిదరంగు కోటు. రెండో భాగం మొదలవుతోందనీ, లైనింగ్ చిరిగిందనీ, మొదట కుట్టిన దర్జీకే పంపారు. దానికి అయిదు గుండీలు. నాలుగు నల్లవి. పైనుంచి నాలుగోది మాత్రం గోధుమరంగుది, అంచున నెలవంకలా చిన్న మచ్చ.

మేడమీది గదిలో దీపం పెట్టిందెవరు, రైలు టికెట్టు మీద చేతిరాత ఎవరిది, ఇలాంటి తేలని రహస్యాలు పదిహేడింటిని రిటైరైన పోస్ట్‌మాన్ ఒక నోటుపుస్తకంలో ఎక్కించాడు. వాటన్నిటికీ తలకాయ నాలుగో గుండీ. దాని మీద ప్రతి ఆదివారం దర్జీ కొట్లోనే సభ. పోయిన మనిషి గుర్తుగా కథానాయిక ఆ గుండీ కుట్టుకుందని దర్జీ భార్య వాదన. కాదు, కథానాయికలు ఇద్దరు, కవలలు, వాళ్లను గుర్తుపట్టడానికే ఆ గుండీ అని ఎదురింట్లో ఉండే ఆమె అక్క వాదన. ఇద్దరి మధ్యా గడియారాల మేస్త్రీ కూర్చునేవాడు. అభిమానంతో కాదు, అవసరం కొద్దీ. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోక మూడేళ్లయింది, ఏమన్నా ఆయన ద్వారానే అనుకోవాలి.

ఆ మాటలు ఆగిపోయింది కూడా గుండీ దగ్గరే. మూడేళ్ల కిందట అక్క చెల్లెలి ఉన్ని కోటు అడిగి తీసుకెళ్లి, నాలుగు రోజులకు తిరిగిచ్చింది. మర్నాడు చూస్తే దానికి ఒక గుండీ లేదు. “పోగొడితే పోగొట్టావు, ఒక్క మాట చెప్పాల్సింది” అంది చెల్లెలు. “నేను పోగొట్టలేదు” అంది అక్క. చిలికి చిలికి గాలివానై, సాయంత్రానికి ఒకరితో ఒకరు మాట్లాడమని ఒట్టు పెట్టుకున్నారు. అది దర్జీ తన పెళ్లయిన కొత్తలో భార్యకు స్వయంగా కుట్టిచ్చిన కోటు.

ఆ గుండీ ఏమైందో ప్రపంచంలో ఒక్క దర్జీకే తెలుసు. అక్క కోటు తిరిగిచ్చిన రోజే, సీరియల్ వాళ్ల మనిషి గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటే, నల్ల గుండీ ఒకటి తక్కువై, బల్ల మీదున్న భార్య కోటు నుంచి ఒకటి కత్తిరించి కుట్టేశాడు. మర్నాడు కొత్తది తెచ్చి పెడదామనుకున్నాడు. ఆయన బజారు నుంచి వచ్చేసరికే యుద్ధం ముగిసి సరిహద్దులు గీసేసి ఉన్నాయి. అప్పట్నుంచీ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. సీరియల్ గుండీ సంగతి అడిగినవాళ్లకు, “నేనైతే అన్నీ నల్లవే కుట్టాను. తర్వాత ఏం చేశారో మరి” అని చెప్పాడు. దాంతో, “అంటే కావాలనే మార్చారన్నమాట!” అని పోస్ట్‌మాన్ రెండు పేజీలు రాశాడు.

అన్నిటికంటే కష్టం, ఆ గుండీ తెర మీద కనబడగానే భార్య చేతిలో పని ఆగిపోవడం. “ఎక్కడో చూసినట్టుంటుందండీ. కల్లోనో, పోయిన జన్మలోనో” అనేది, చూపు ఎక్కడో దూరంగా పెట్టి. ఆ చూపంటే ఆయనకు ప్రాణం. ఆ చూపంటే భయం కూడా.

పథకం ఏడింటికల్లా పూర్తయింది. సీరియల్ కోటుకు అయిదూ నల్లవే. భార్య కోటుకు దాని గుండీ దానికి చేరింది. కోటును బీరువాలో తగిలించి, మధ్యాహ్నం తీరిగ్గా “గుండీ బీరువా వెనక దొరికింది” అనాలని ఒకటికి నాలుగుసార్లు గొణుక్కున్నాడు. పొగమంచుకు కోటు తీసుకుపోయేవాడి బండి ఎక్కడో ఆగిపోయింది. అభిమానులకు మాత్రం మంచూ లేదు, మర్యాదా లేదు. ఎనిమిదింటికే దిగిపోయారు.

పోస్ట్‌మాన్ భూతద్దం తీసి కోటు మీద వంగాడు. పైనుంచి లెక్కపెట్టాడు. కింది నుంచి లెక్కపెట్టాడు.

“నాలుగోది లేదు!”

“లేకపోవడమేంటి?” అన్నాడు మేస్త్రీ. “నల్లగా ఉందిగా.”

“నల్లగా ఉందంటే లేదనేగా!”

అందరూ దర్జీ వైపు తిరిగారు. ఆయన ఎవరూ అడగకముందే, “నేను ముట్టుకోలేదు, లైనింగ్ మాత్రమే మార్చాను” అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది. అదృష్టమో దురదృష్టమో, అప్పటికే ఆయన భార్య చూపు అక్క వైపు పోయింది.

“మేస్త్రీ గారూ, ఆవిడకి చెప్పండి. నిన్న సాయంత్రం మా కొట్టు ముందు రెండుసార్లు తిరిగింది. నేను చూశాను.”

“మేస్త్రీ గారూ, ఆవిడకి చెప్పండి. వీధి ఆవిడొక్కదానిదే కాదని.”

“గుండీలు మాయం చేయడం ఆవిడకి కొత్తేం కాదని చెప్పండి! మూడేళ్ల కిందట నా కోటుకి చేసింది, ఇవాళ దీనికి చేసింది. ఉండండి, సాక్ష్యం చూపిస్తా!”

“వద్దే, ఇప్పుడెందుకు...” అని దర్జీ అడ్డం వెళ్లేలోపే ఆమె బీరువా తెరిచి, తన కోటు లాగి, అందరికీ కనబడేలా రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. “చూడండి! ఇక్కడుండాల్సిన గుండీ!”

అందరూ చూశారు. అక్కడ ఉండాల్సిన గుండీ అక్కడ ఉంది. గోధుమరంగుది, అంచున నెలవంకతో.

పోస్ట్‌మాన్ పుస్తకం మూశాడు. అక్క మొదటిసారి చాలా మెల్లగా మాట్లాడింది. “మేస్త్రీ గారూ, దొంగ దొరికిందని ఆవిడకి చెప్పండి.”

భార్య కోటు తిప్పి చూసుకుంది. “నాకు తెలీదు... నిజంగా నాకు తెలీదు” అంది, ఎవరితో అంటోందో తనకే తెలియనట్టు. మూడేళ్లు ఎంత వెతికినా దొరకని ధైర్యం దర్జీకి ఆ ఒక్క గొంతు వినేసరికి దొరికింది.

“తను కాదు, నేను. అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే. నల్లవి అయిపోతే నీ కోటుది కత్తిరించి దానికి కుట్టాను. ఇవాళ విప్పి మళ్లీ నీదానికి కుట్టాను. వదినా, మీ తప్పేం లేదు. చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.”

భార్య బొటనవేలితో గుండీ అంచు తడిమింది. “ఈ మచ్చ నేను చేసిందే. పెళ్లయిన కొత్తలో ఇస్త్రీపెట్టె ఆనించి కాల్చాను. మీరు తిడతారనుకున్నా. ‘చందమామలా ఉంది, ఉండనీ’ అన్నారు.” ఆ దూరపు చూపు మళ్లీ వచ్చింది. ఈసారి అది ఎక్కడికి పోతోందో దర్జీకి తెలుసు.

అక్క మేస్త్రీని భుజం పట్టుకుని పక్కకు జరిపింది. “ఆ రోజు నేను ఎంత మొత్తుకున్నానే!”

“నిజమే అక్కా. నాదే తప్పు. నువ్వేమో పరాయిదానివైపోయావు, ఈయనేమో తల వంచుకుని మిషను తొక్కుకున్నాడు.”

“మూడేళ్లు!”

“మూడేళ్లక్కా!”

ఇద్దరూ కలిసి దర్జీ వైపు తిరిగారు. మూడేళ్లుగా ఒకరి మీద ఒకరు ఖర్చు చేసుకున్న కోపమంతా ఆయన మీదే గుమ్మరించారు. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆయనకు అంత హాయైన తిట్లు జన్మలో పడలేదు.

అప్పుడు వచ్చాడు కోటు తీసుకెళ్లేవాడు, మంచులో తడిసి, వగరుస్తూ. కోటు మడత పెట్టబోతుంటే పోస్ట్‌మాన్ అడ్డం పడ్డాడు. “బాబూ, నాలుగో గుండీ మారింది. దర్శకుడు గారు ఏమంటారో?”

“ఏ గుండీ?” అన్నాడతను. “ఎప్పుడూ నల్లవేగా?” అని కోటు సంచిలో కుక్కుకుని మంచులో కలిసిపోయాడు.

పోస్ట్‌మాన్ మళ్లీ పుస్తకం తెరిచాడు.

“చూశారా, మొహంలో ఒక్క కండరం కదల్లేదు!” అన్నాడు పోస్ట్‌మాన్. “రహస్యం బయటపెట్టకూడదని సంతకం పెట్టించుకుని ఉంటారు.” అక్కాచెల్లెళ్లిద్దరూ అవునని తల ఊపారు.

రెండో భాగం మొదలైన ఆదివారం కొట్టు కిటకిటలాడింది. తన కోటు తొడుక్కున్న భార్యా, ఆమె అక్కా ఒకే బెంచీ మీద కూర్చున్నారు, మేస్త్రీకి చోటు లేక నిలబడ్డాడు. నాలుగో గుండీ నల్లగా ఎందుకు మారిందో తేల్చడానికి చేతులెత్తించారు. అప్పుడు లేని నల్ల గుండీ ఇప్పుడు దొరికింది కాబట్టి అన్న వాదనకు ఒకే ఒక్క చెయ్యి లేచింది, అదీ దర్జీది.