అతి త్వరితం

ఇకమీదట ధర్మవరం పట్టుచీర బస్సెక్కదనీ, రైలెక్కదనీ, నేరుగా కంప్యూటరెక్కి ప్రపంచమంతా తిరుగుతుందనీ మంత్రి రంగప్పగారు ప్రకటించిన రోజున ధర్మవరంలో చప్పట్లు ఆగలేదు. వేదిక మీద కంప్యూటరుకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, చేమంతిదండ వేశారు. దండ తెరకు అడ్డం పడినందువల్ల వెబ్‌సైటు ఎవరికీ కనబడలేదు గానీ, మంత్రిగారు మీట నొక్కడం మాత్రం అందరికీ కనబడింది. ఆ తర్వాత పులిహోర పొట్లాలు పంచారు.

పథకం పేరు ఈ-పట్టు. దాని ఆఫీసు మగ్గాలున్న ధర్మవరంలో పెట్టాలని ధర్మవరం వాళ్ళూ, మంత్రిగారున్న హిందూపురంలో పెట్టాలని హిందూపురం వాళ్ళూ పట్టుబట్టారు. మంత్రిగారు ఎవరి మనసూ నొప్పించని మహానుభావుడు. అందుకని మగ్గాలూ లేని, తానూ లేని పెనుకొండలో పెట్టించారు. లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సు మాత్రం హిందూపురంలో ఉన్న ఆయన బామ్మర్దికి దక్కింది. బంధుప్రీతి అని గిట్టనివాళ్ళు అన్నారు. బామ్మర్దికి ఇవ్వకపోతే ఇంట్లో ఎవరి మనసు నొచ్చుకునేదో వాళ్ళకేం తెలుసు?

తొలి ఆర్డరు ధర్మవరంలోని ఆదిలక్ష్మి మగ్గానికి వచ్చింది. పంపింది భిలాయిలో టీచరుగా పనిచేసే భారతి. తన కూతురి పెళ్ళికి వక్కరంగు చీర, పండుమిరప రంగు అంచు, కొంగులో ఒకే ఒక్క నెమలి కావాలని రాసింది.

"ఒంటి నెమలా?" అన్నాడు ఆదిలక్ష్మి మొగుడు తిరుపాల్. "పెండ్లిచీరకు జంట నెమళ్ళు నేస్తారు గానీ, ఒంటిది యాడన్నా ఉంటాదా? ఆయమ్మ తప్పు రాసింటాది, అడుగు."

ఆదిలక్ష్మి వీధి చివర ఎస్టీడీ బూతునుంచి ఫోన్ చేసి అడిగింది.

"తప్పు కాదమ్మా," అంది భారతి. "మా అమ్మ పెళ్ళిచీర మీ ధర్మవరందే. కొంగులో ఒక్కటే నెమలి. రెండోది ఏదమ్మా అని చిన్నప్పుడు అడిగితే, నువ్వేనే అనేది. ఆ చీర చెదలు తినేసింది. అమ్మా పోయింది. నా బిడ్డ అలాంటిది కట్టుకుని పీటల మీద కూర్చుంటే చూడాలని ఉంది."

"మాఘంలో కదా ముహూర్తం? అంతకు ముందే నీ చేతికి వస్తాది తల్లీ. పూచీ నాది," అంది ఆదిలక్ష్మి. పెళ్ళిచీరకు మాటిచ్చి తప్పితే మగ్గం ముందు కూర్చునే అర్హత పోతుందని ఆమె అత్త చెబుతుండేది. అత్త పోయినా ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉంది.

చీర పుష్యమాసం రాకముందే మగ్గం దిగింది. తిరుపాల్ అలవాటుగా తెల్లగుడ్డా, దబ్బనమూ తీశాడు. గుడ్డలో చుట్టి, అంచులు కుట్టి, పైన సిరాతో పెద్ద అక్షరాలతో అడ్రసు రాసి పంపడం వాళ్ళ తాతలనాటి పద్ధతి. అలా పోయిన చీర దారి తప్పిందని ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కానీ ఈ-పట్టు చీరకు అచ్చువేసిన లేబులు లేకుండా గడప దాటే అధికారం లేదు. ఆదిలక్ష్మి చీర ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజరు రైల్లో పెనుకొండకు పోయింది.

అక్కడి స్పెషలాఫీసరు శామ్యూల్ చాలా మంచివాడు. వచ్చిన వాళ్ళందరినీ కూర్చోమనేవాడు, కుర్చీ ఒక్కటే ఉన్నందువల్ల తను నిలబడేవాడు. ఆర్డరు చూసి నెత్తి పట్టుకున్నాడు.

"అయ్యో, ఆయమ్మ అతి త్వరితం అని పెట్టిందే! సాధారణం పెట్టింటే ఇప్పుడే పంపిస్తాంటిని. త్వరితం అయినా నా సంతకం చాలు. అతి త్వరితానికి మాత్రం మంత్రిగారే జెండా ఊపాల."

"ఆయప్ప ఎప్పుడు ఊపుతాడు సార్?"

"హైదరాబాదు నుంచి వచ్చినాక."

"అయితే సాధారణమే పెట్టండి సార్. పోతే చాలు."

"ఎట్ల పెట్టేదమ్మా? కస్టమర్ ఈజ్ కింగ్. కింగ్ అడిగిన స్పీడును తగ్గించే అధికారం నాకు లేదు. పైగా లేబులు ఇంకా కమిటీలో ఉండాది."

లేబుల్ కమిటీ అధ్యక్షుడు తిప్పేస్వామి. చిన్నప్పటినుంచీ మంత్రిగారి పోస్టర్లు గోడలకు అతికించిన అనుభవం ఆయనది. అతికించే విద్యలో ఆయనకు సాటి వచ్చేవాడు మూడు ఊళ్ళలోనూ లేడు కాబట్టి పదవి వెతుక్కుంటూ వచ్చింది. కమిటీ మొదటి సమావేశంలో లేబులు నడిమధ్య కొన్నవాళ్ళ అడ్రసు, పక్కన మంత్రిగారి ఫోటో అనుకున్నారు. మంత్రిగారిది పెడితే ఎంపీగారు అలుగుతారని ఆయనదీ చేర్చారు. ఎంపీగారి పక్కన ఎమ్మెల్యే లేకపోతే వర్గాలున్నాయని జనం అనుకుంటారు కాబట్టి ఎమ్మెల్యేదీ వచ్చింది. అప్పుడు అందరూ ఒకే సైజులో ఉన్నారని మంత్రిగారి అనుచరులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మంత్రిగారిని నడుము దాకా పెంచారు. అడ్రసు మూలకు జరిగింది, తర్వాత అంచుకు జరిగింది, చివరికి లేబులు మీదినుంచే జరిగిపోయింది.

"అడ్రసు లేకుండా ఎట్లబ్బా?" అని శామ్యూల్ అడిగాడట.

"అడ్రసుదేముంది సార్, ఈపొద్దు ఈడుంటారు, రేపు ఇల్లు మారుస్తారు. నాయకుడు మారతాడా?" అన్నాడు తిప్పేస్వామి. దానికి జవాబు ఏ జీవోలోనూ దొరకలేదు.

అయినా కమిటీ అడ్రసును పూర్తిగా మరిచిపోలేదు. దాన్ని నల్లచారల్లో దాచిపెట్టే కొత్త విద్య ఉందని విని, చారలు కూడా అచ్చు వేయించింది. చారలు ఎలా ఉండాలో ప్రెస్సువాళ్ళకు తెలియకపోతే, టీకి తెప్పించిన బిస్కట్ పొట్లం మీదివి చూసి దించారు. అన్ని లేబుళ్ళ మీదా అవే చారలు. అడుగున ఒక్క వరుసలో, పథకానికి తండ్రి వంటివాడు కాబట్టి, మంత్రిగారి హిందూపురం ఇంటి చిరునామా వేశారు.

మంత్రిగారు వచ్చేసరికి మాఘం దగ్గరపడింది. జెండా ఊపేది హిందూపురంలో. ఆదిలక్ష్మి చీర తీసుకుని పోయేసరికి బ్యాండు వాయిస్తున్నారు. తిప్పేస్వామి పార్సిలుకు లేబులు అతికించాడు, ఎక్కడా ముడత పడకుండా. ఆదిలక్ష్మి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నా, భారతమ్మ పేరు యాడుండాది?"

"చారల్లో ఉండాది."

"భిలాయి?"

"అదీ చారల్లోనే."

మంత్రిగారింటి అడ్రసు మాత్రం చారల్లో కాక అక్షరాల్లో ఎందుకుందో ఆదిలక్ష్మికి అర్థం కాలేదు. చారల సంగతి ఆమెకు తెలియనిది కాదు, పుట్టినప్పటినుంచీ మగ్గం మీద నిలువుగా సాగే పడుగు దారాలు చూస్తున్న మనిషే. కానీ ఎంత చూసినా వాటిలో భిలాయి కనబడలేదు. పక్కనున్న విలేకరి దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. లేబులంతా మొహాలే, రాయడానికి తెల్లజాగా ఒక్కచోటే ఉంది, అది మంత్రిగారి చొక్కా. జేబు పైన 'భా' అని రాసేలోపల తిప్పేస్వామి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమక్కా, నీకు బుద్ధుండాదా? అయ్యవారి చొక్కా మీద రాస్తావా? ఊరు గూడా రాస్తే ఆయప్పను భిలాయికి పంపిచ్చినట్ల కాదా? ఎలక్షన్లు దగ్గరికొస్తాండాయి!"

'భా' అన్న అక్షరం అలాగే ఉండిపోయింది. దూరంనుంచి చూస్తే పార్టీ బ్యాడ్జీలా ఉందని అందరూ సమాధానపడ్డారు. మంత్రిగారు జెండా ఊపారు. కొరియరు కుర్రవాడు పార్సిలు స్కూటరు మీద పెట్టుకుని, బ్యాండు మోత మధ్య బయలుదేరాడు.

మర్నాడు పెనుకొండ కంప్యూటరు 'డెలివర్డ్' అని చూపించింది. శామ్యూల్ ఆనందం పట్టలేక ధర్మవరం బూతుకు ఫోన్ చేశాడు.

"జెండా ఊపిన సాయంత్రానికే చేరిందమ్మా! భిలాయికి! ఇమానం గూడా అంత బిరీన పోదు!"

ఆదిలక్ష్మి భారతికి ఫోన్ చేసింది. రాలేదంది భారతి. రెండ్రోజులాగి చేసింది, రాలేదు. మళ్ళీ పెనుకొండకు పరుగెత్తింది.

"కంప్యూటరు చేరిందంటాది కదమ్మా," అన్నాడు శామ్యూల్ నిలబడే.

"భారతమ్మ చేరలేదంటాది సార్."

"ఎవరిని నమ్మాల చెప్పు? కంప్యూటరుకు అబద్ధమాడాల్సిన అవసరమేముంది?"

ముహూర్తం దాటిపోయింది. ఆ మర్నాడు భారతే ఫోన్ చేసింది. కోప్పడితే బాగుండేది. "బజార్లో ఏదో కొనేశాంలే అమ్మా. నువ్వు బాధపడకు," అని మెల్లగా పెట్టేసింది. ఆదిలక్ష్మి బూతులోనే కూలబడి ఏడ్చింది. సిగ్గుతో చాలారోజులు మగ్గం గుంటలోకి కాలు పెట్టలేదు. పూచీ పడింది తనే గానీ చారలు కాదు కదా.

ఉగాది ముందర హిందూపురంలో ఈ-పట్టు విజయోత్సవ సభ జరిగింది. తొలిచీర నేసిన ఆదిలక్ష్మికి సన్మానమని తిప్పేస్వామే స్వయంగా జీపులో ఎక్కించుకుపోయాడు. మంత్రిగారు మైకు ముందు గర్జించారు. హిందూపురంనుంచి భిలాయికి ఒక్కపూటలో చీర చేర్చిన ప్రభుత్వం భూప్రపంచంలో ఇంకొకటి ఉంటే చూపించమని సవాలు చేశారు. ఎవరూ చూపించలేకపోయారు.

శాలువా కప్పడానికి మంత్రిగారి భార్య పుట్టమ్మగారు లేచి వచ్చారు. వక్కరంగు చీర. పండుమిరప అంచు. శాలువా కప్పుతుండగా కొంగు జారి ఆదిలక్ష్మి చేతి మీద పడింది. కొంగులో నెమలి ఒక్కటే ఉంది.

"ఈ చీర... యాడిది తల్లీ?"

"ఎవరో అభిమానులు పంపించినారమ్మా," అన్నారు పుట్టమ్మగారు మురిసిపోతూ. పాపం, ఆవిడ కల్లాకపటం లేని మనిషి. "ఈయన ఫోటో అతికించి, ఈయన చొక్కా మీద 'భా' అని గూడా రాసినారు. భారతరత్న ఇయ్యాలని కాబోలు. పేరు గూడా చెప్పుకోలేదు చూడు, ఎంత అభిమానమో!"

ఇంతలో మంత్రిగారు మైకు ఆదిలక్ష్మి నోటి దగ్గర పెట్టారు. "చెప్పు తల్లీ, నీ చీర చేరిందా లేదా?"

ఆదిలక్ష్మి పుట్టమ్మగారి కొంగు వైపు చూసింది. "చేరింది స్వామీ. ఈడే ఉండాది," అంది.

చప్పట్లతో షామియానా ఊగింది. లబ్ధిదారు స్వయంగా ధ్రువీకరించారని శామ్యూల్ రాసుకున్నాడు.

మర్నాడు పేపర్లో రంగుల ఫోటో వచ్చింది. మంత్రిగారు, పుట్టమ్మగారు, మధ్యలో ఆదిలక్ష్మి, ఆమె చేతి మీద ఒంటి నెమలి కొంగు. ఆదిలక్ష్మి దాన్ని కత్తిరించి మామూలు కవర్లో పెట్టింది. తిరుపాల్ సిరాతో పెద్ద అక్షరాలతో భిలాయి అడ్రసు రాసి, వీధి మలుపులో ఉన్న ఎర్రడబ్బాలో వేసి వచ్చాడు.

వారం తిరక్కుండానే బూతుకు భారతి ఫోన్ వచ్చింది.

"కవరు అందిందమ్మా. అచ్చం మా అమ్మ చీరే. ఎంత బాగా నేశావు!" అంది. "అవునూ, అది కట్టుకున్న ఆ పెద్దావిడ ఎవరు?"

"ఆయమ్మకు అడ్రసు ఉండాది తల్లీ," అంది ఆదిలక్ష్మి.