క్యానులో సూదులు

తెల్లారగానే పత్తికి పొటాషు మందు కొట్టాలని ఉప్పలమ్మ అనుకుంది. పొద్దున తిప్పలుండవని ముందురోజు సాయంత్రమే కిలో పొట్లం మొత్తం మూడు లీటర్ల మరుగునీళ్లలో కలిపి, స్టీలు పాల క్యానులో పోసి మూత పెట్టింది.

“గంత మందు గన్ని నీళ్లల్ల పడ్తదా? ఇంకో బిందెడు పొయ్యరాదు,” అన్నాడు భర్త నర్సయ్య.

“పట్టింది గద! కండ్లు లేవా?”

వాళ్ల ఊరు కొడకండ్లలో ఆ రాత్రి చలి ఎముకలు కొరికింది. పొద్దున మూత తీస్తే అడుగున పిడికెడు సూదులు, గాజులా మెరుస్తున్నాయి.

“సేటు మందుల గాజుపెంకులు కలిపిండు!”

నర్సయ్య నోరు తెరిచేలోపే ఆమె క్యానుతో జనగామ బస్సెక్కింది. సీట్లు లేవు. క్యానును డ్రైవరు పక్కన ఇంజను మూత మీద పెట్టి, పట్టుకుని నిలబడింది. దారంతా ఇంజను దాన్ని వెచ్చబెట్టింది, గుంతలు కలియబెట్టాయి.

మందు కొన్న దుకాణం ముందు పదిమంది పోగయ్యేదాకా అరిచి, అప్పుడు మూత తీసింది. లోపల నీళ్లు తేటగా ఉన్నాయి. సూదుల జాడ లేదు.

“ఏయీ గాజుపెంకులు ఉప్పలక్కా? నడుమ స్టేజీల దిగిపోయినయా?” అన్నాడు దుకాణదారు జయపాల్. జనం నవ్వారు. “నా పేరు ఖరాబు జేస్తివి. అబద్ధమాడిన అని గీళ్ల ముంగట అను.”

“అనను. నా కండ్లతోని చూసిన. వ్యవసాయం మేడం వచ్చేదాంక గీ మెట్టు దిగ.”

“కూసో. గీ లోపట నువ్వేమన్న కలిపితే?” దుకాణంలో తాళం పడేది విత్తనాల ఫ్రిజ్ ఒక్కటే. జయపాల్ క్యానును అందులో పెట్టి తాళం వేశాడు. అతను తెప్పించిన చాయ్ కూడా ఉప్పలమ్మ ముట్టలేదు.

మధ్యాహ్నం దాటాక వ్యవసాయాధికారి విమల వచ్చింది. జయపాల్ మీసం దువ్వుకుంటూ తాళం తీసి, మూత ఎత్తాడు. అడుగున సూదులు. పొద్దుటికన్నా ఎక్కువ.

“తాళంచెవి నీ జేబులనే ఉండె గద సేటూ!” జనం అతని మీదికి తిరిగారు.

“ఒట్టు, నేనెయ్యలే! అక్కా, నువ్వన్న జెప్పు!”

“నేనెట్ల జెప్త? మెట్టు మీదనే ఉంటి.”

విమల పక్క హోటల్లో వేడినీళ్ల గిన్నె అడిగి, క్యానును అందులో దించి కలియబెట్టింది. చూస్తుండగానే సూదులు కరిగిపోయాయి.

“ఇది గాజు కాదు, మందే. వేడినీళ్లు ఎక్కువ మందును పట్టుకుంటయి. చల్లబడితే అంత పట్టుకోలేవు. పట్టనిదంత ఇట్ల అడుగుకు చేరుతది. నీళ్లు ఎక్కువ పోస్తే చలికి గూడ పేరుకోదు.”

“చూసినవా? నా మందు మంచిదే,” అన్నాడు జయపాల్.

“నా కండ్లు గూడ మంచియే. అబద్ధమన్న మాట వాపసు తీస్కో.”

తీసుకున్నాడు. అప్పుడు గాని ఆమె మెట్టు దిగలేదు.

పొద్దు గూకాక ఇల్లు చేరితే నర్సయ్య అడిగాడు, “ఏమన్నరు?”

“నేను జెప్పిందే నిజమన్నరు.”

నర్సయ్య మూత తీసి, మళ్లీ అడుగున చేరిన సూదులను చూసి, బిందె పట్టుకుని నీళ్లకు పోయాడు.