నకిలీ చుక్కే నయం

అసలు కంటే నకిలీయే మేలు! ఆధారం లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. నా ఆధారం మా ఆవిడ.

ఆవిడ కొండమీది పెద్ద టెలిస్కోపు దగ్గర లేజర్ ఇంజనీరు. చుక్కలు మినుకుమంటే మనం మురిసిపోతాం, ఆవిడ మొహం చిట్లిస్తుంది. అదంతా గాలి చేసే అల్లరట, ఫొటో అలుక్కుపోతుందట. ఎంత అలుక్కుపోయిందో కొలవడానికి ఫొటో తీసేదాని పక్కనే వెలుగున్న చుక్క ఒకటి కావాలి. కావలసినచోట అది ఉండి చస్తుందా? అందుకని పసుపు రంగు లేజర్ పైకి వదులుతారు. ఎక్కడో తొంభై కిలోమీటర్ల ఎత్తున, గాలిలో పలచగా పరుచుకుని ఉన్న సోడియం పొరకు అది తగిలి చుక్కలా వెలుగుతుంది. దాన్ని చూసి టెలిస్కోపులో ఒక అద్దం సెకనుకు వెయ్యిసార్లు ఒళ్లు వంచుకుని బొమ్మను సరిచేస్తుంది. అల్లుడు ఏడాదికి ఒకసారి వంచినా గొప్పేనని మా అత్తగారి అభిప్రాయం.

చూశారా? అసలు చుక్క పిలిస్తే పలుకుతుందా? నకిలీది స్విచ్ నొక్కితే హాజరు!

ఇంట్లోనూ ఇదే అమలు చేశాం. ఆవిడవి రాత్రి డ్యూటీలు. అమ్మ కథ చెప్పనిదే మా ఆరేళ్ల పిల్ల నిద్రపోదు. అందుకని ఆవిడ కథలన్నీ ఫోన్‌లో రికార్డు చేసిపెట్టింది. ఈ అమ్మ ఆవలించదు! మిగతాది రేపు అనదు! ఇంత మంచి తల్లి ఎవరికి దొరుకుతుంది?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా పిల్లకు ఈ తల్లి ఆనలేదు. కథలో కుందేలు ఎందుకు ఏడ్చిందని పిల్ల ఫోన్‌ను అడుగుతుంది. ఫోను వినిపించుకోకుండా కుందేలును అడవి దాటించేస్తుంది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటుంది. వారంగా ఇదే వరస, నాకు చూడబుద్ధి కావడం లేదు. పోనీ నేను చెబుతానంటే, నా కథల్లో కుందేలు కూడా ఆఫీసుకు వెళుతుందని ఫిర్యాదు.

నిన్న మధ్యాహ్నం ఆవిడ నిద్రలేచి అన్నం తింటుంటే పిల్ల పక్కన చేరింది. దొంగ చుక్క ఉందిగా, ఇంక మీకు అసలు చుక్క అక్కర్లేదా అని అడిగింది.

ఇంజనీరుకు అబద్ధం రాదు. "కావాలి తల్లీ. బొమ్మ ఎంత చెదిరిందో దొంగ చుక్క చెబుతుంది. మొత్తంగా ఎటు జరిగిందో మాత్రం చెప్పలేదు. దానికి అసలుది ఒకటి ఉండాల్సిందే. మసగ్గా ఉన్నా చాలు."

"నువ్వు నిద్రమొహంతో చెప్పినా చాలమ్మా," అంది పిల్ల.

ఆవిడ కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

సాయంత్రం డ్యూటీకి వెళ్లేముందు ఆవిడే పిల్ల పక్కన చేరి కథ మొదలుపెట్టింది. రెండో వాక్యానికే గుర్రు పెట్టింది. పిల్ల కిక్కురుమనకుండా అమ్మను కరుచుకుని పడుకుంది. అంతలో కొండమీది నుంచి ఫోను, ఇంజనీరుగారు ఇంకా రాలేదేమని.

"ఆవిడ రావడం లేదండీ," అన్నాను. "రికార్డు ఉంది, పంపిస్తాను. ఈ పూటకి దాంతో సర్దుకోండి."