నాలుగో కౌంటరులో పంటి తీగ

పళ్ళకు కట్టిన తీగ ఊడి బుగ్గలో గుచ్చుకోవడం ఒక వరమని నేనంటే మీరు నవ్వుతారు. నవ్వండి! క్లిప్పులు లేనివాళ్ళు ఎంతసేపైనా నవ్వగలరు. కానీ జనానికి మేలు జరగాలంటే చట్టాలూ కమిటీలూ అక్కర్లేదనీ, కౌంటరు వెనక కూర్చునే ప్రతి ఉద్యోగి నోట్లో పావంగుళం తీగ పొడుచుకొని ఉంటే చాలనీ నేను ఘంటాపథంగా చెప్పగలను. నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మా అక్క మొగుడు.

మా బావ ధ్రువపత్రాలిచ్చే ఆఫీసులో నాలుగో కౌంటరు గుమాస్తా. ఇరవై రెండేళ్ళ సర్వీసు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన పళ్ళకు క్లిప్పులు పెట్టించుకోవడానికి కారణం ఒక సెల్ఫీ. కింది వరస పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉండటం అందులో చూశాడు. ఇన్నేళ్ళుగా జనాన్ని క్యూలో నిలబెట్టిన మనిషి, సొంత నోట్లో క్యూ లేకపోతే ఎలా ఊరుకుంటాడు?

బావ పనితనం గురించి రెండు ముక్కలు చెప్పాలి. కాగితం మీద స్టాంపు ఎవడైనా వేస్తాడు. వెయ్యకుండా ఉండటానికే కావాలి ప్రతిభ! జిరాక్సు మసగ్గా ఉందండీ. ఫోటోలో చెవి కనపడట్లేదండీ. సంతకం చెయ్యాల్సిన సారు మీటింగులో ఉన్నారు, మీటింగయ్యాక భోజనం, భోజనమయ్యాక మళ్ళీ మీటింగు. ఇవన్నీ అయిపోయాక, ఎంతో ప్రేమగా, రేపు రండి. కొత్త సాకు తట్టనప్పుడు పెన్ను మూత కొరుకుతూ ఆలోచిస్తాడు. ఆ మూత మీద పంటి గాట్లు చూస్తే చాలు, జీతానికి ఎంత న్యాయం చేస్తున్నాడో తెలిసిపోతుంది.

సోమవారం మధ్యాహ్నం ఆ కౌంటరు దగ్గరికి ఒకావిడ వచ్చింది. బట్టలు కుట్టుకొని బతికే మనిషి. కూతురికి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా నివాస ధ్రువపత్రం అక్కడ ఇవ్వకపోతే ఆ సీటు వేరేవాళ్ళకు పోతుంది. ఆవిడ రావడం అది తొమ్మిదోసారి. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చిక్కంతా అదే. బావ పెన్ను మూత నోట్లో పెట్టుకొని చాలాసేపు ఆలోచించాడు.

"శుక్రవారం పొద్దున రండమ్మా," అన్నాడు చివరికి.

"శుక్రవారమే ఆఖరి రోజు బాబూ."

"అందుకే కదా ఆ రోజు రమ్మంటున్నా."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. అలవాటు కొద్దీ బావ ఆ మూత మరోసారి కొరికాడు. టక్కుమంది. వెనక పంటి మీద తీగను పట్టి ఉంచే బ్రాకెట్టు ఊడింది. తీగ కొస బయటికొచ్చి సూటిగా ఎడమ బుగ్గలో దిగింది.

వెంటనే పళ్ళ డాక్టరు క్లినిక్కుకు ఫోన్ చేశాడు. రిసెప్షన్ అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది.

"మొహం వాచిందా సార్? రక్తం ఆగట్లేదా? ఊడిన ముక్క ఏదైనా మింగేశారా? ఊపిరి ఆడట్లేదా?"

లేదు, లేదు, లేదు, లేదు అన్నాడు బావ.

"అయితే ఇది ఎమర్జెన్సీ కాదండీ, అసౌకర్యం. డాక్టరు గారు కాన్ఫరెన్సుకి వెళ్ళారు. వచ్చే సోమవారం రండి. ఈలోగా గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించండి."

ఇరవై రెండేళ్ళలో మా బావతో ఎవరూ అలా మాట్లాడలేదు. ఒళ్ళు మండినా, ఆ అమ్మాయి చాకచక్యాన్ని లోలోపల మెచ్చుకున్నాడట.

ఇక మంగళవారం! క్యూలో మొదటివాడు కాగితాలు లోపలికి తోశాడు. జిరాక్సు బాగాలేదని చెప్పబోయి బావ నోరు తెరిచాడు. తీగ కసుక్కున పొడిచింది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. పాఠకులారా, ఒకసారి ఆలోచించండి. కాదనడానికి ఎన్నెన్ని మాటలు కావాలి? సరేననడానికి ఒక్క మాటైనా కావాలా?

చీటీ మీద రాసి తిప్పి పంపొచ్చుగా అంటారేమో. మీరెప్పుడూ ఆఫీసులో పని చేసినట్టు లేదు. నోటితో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. రాసిస్తే కారణం చూపాలి, తేదీ వెయ్యాలి, కింద సంతకం పెట్టాలి. తెలిసి తెలిసి అంత ప్రమాదంలోకి ఎవడు దిగుతాడు? బావ బుగ్గ పట్టుకొని స్టాంపు వేశాడు. తర్వాతివాడికీ వేశాడు. మధ్యాహ్నానికి స్టాంపు ప్యాడు ఎండిపోయింది. ఆ ప్యాడుకి అంత పని తగలడం అదే మొదలు.

బుధవారం ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. మూడేళ్ళుగా తిరుగుతున్న మనిషి. పని నాలుగు నిమిషాల్లో అయిపోయేసరికి ఏం చెయ్యాలో పాలుపోక, సాయంత్రం దాకా అదే బెంచీ మీద కూర్చొని వెళ్ళారు. గురువారానికి క్యూ అన్నది లేదు. ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టాయన ఈగలు తోలుకుంటున్నాడు. మూడో కౌంటరు గుమాస్తా బావతో మాటలు మానేశాడు. పెద్ద ఆఫీసరు తన గదిలోకి పిలిచి తలుపు వేయించాడు.

"ఏంటయ్యా ఇది? నీకు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. వీళ్ళకి ఇదే అలవాటైపోతే ఆ తర్వాత మేమేం కావాలి?"

బావ బుగ్గ పట్టుకొని తలూపాడు.

ఇంట్లోనూ అదే వైభోగం. పెళ్ళయిన పాతికేళ్ళలో మా అక్క ఒక వాక్యం మొదలుపెట్టి, మధ్యలో ఎవరూ అడ్డు తగలకుండా చివరిదాకా చెప్పగలిగింది అప్పుడే. చెప్పండి, ఏ ఎన్నికలు ఈ పని చేశాయి? ఏ కంప్యూటరు చేసింది? పావంగుళం తీగ!

ఇంత గొప్ప పాలనను మట్టుబెట్టిన ద్రోహి ఎవరో కూడా చెప్పేస్తాను. నేనే.

గురువారం సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ మూడు రోజులుగా పాల మీదే ఉన్నాడురా. బుగ్గ లోపల పుండు పడింది. మీ అమ్మాయికి క్లిప్పులున్నప్పుడు నువ్వేదో పెట్టేవాడివి కదా."

తోడబుట్టింది ఏడుస్తుంటే ప్రజాసేవ ఎవరికి గుర్తుంటుంది? మా అమ్మాయి డ్రాయరులో మిగిలిన మైనం డబ్బా పట్టుకొని పరిగెత్తాను. దూదితో తీగ కొసను తుడిచి తడి లేకుండా చేశాను. బఠాణీ గింజంత మైనం చేత్తో మెత్తగా ఉండ చేసి, కొస మీద పెట్టి నొక్కాను. రెండు నిమిషాల పని. బావ నాలుకతో తడిమి చూసుకున్నాడు. దవడ అటూ ఇటూ ఆడించాడు.

"ఈ మైనం సంగతి సోమవారమే చెప్పొచ్చు కదా," అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుంది. నేను కాలరు ఎగరేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ మైనం ఊడిపోతే మళ్ళీ పెట్టుకోవాలి కదా అని, శుక్రవారం పదకొండింటికి డబ్బా ఇద్దామని ఆఫీసుకు వెళ్ళాను. క్యూ గుమ్మం దాటి మెట్ల మీదికొచ్చింది. లోపల్నుంచి కమ్మటి గొంతు వినిపిస్తోంది. ఎవరి ఫోటోలోనో చెవి కనపడట్లేదట. కౌంటరు కిటికీ పక్కకు చేరేసరికి, కుట్టుపని చేసే ఆవిడ వంతు వచ్చింది. మూడు రోజుల మహిమ గురించి క్యూలో వాళ్ళు ఆవిడకు చెప్పే ఉంటారు.

"నోరు బాగాలేదన్నారు బాబూ. ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది. వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

"తగ్గిందమ్మా. హాయిగా ఉంది."

ఆవిడ బావ మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత బయటికి తీసిన కాగితాలను ఒక్కొక్కటే మళ్ళీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవడం మొదలుపెట్టింది. బావ ఇంకా సాకు చెప్పనే లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. గోడ గడియారం చూశాను. ఐదింటికి ఇంకా చాలా టైముంది. డబ్బా జేబులో వేసుకొని, కిటికీలోంచి చెయ్యి లోపలికి చాపాను.

"నోరు తెరువు బావా. నా మైనం నాకిచ్చెయ్."