వంద రోజుల్లో మాయమైన జబ్బు

ఎముకల్నీ, చర్మాన్నీ, హార్మోన్ల గ్రంథుల్నీ ఒకేసారి పట్టి పీడించే అరుదైన జన్యువ్యాధి ఒకటుంది. దాన్ని మా జిల్లాలో వంద రోజుల్లో నామరూపాల్లేకుండా చేస్తామని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. వేదిక మీదున్న ఇద్దరు డాక్టర్లు ఏదో చెప్పబోయి, మంచినీళ్లు తాగారు.

జిల్లా వైద్యాధికారి ఆఫీసులో గుమాస్తాను కాబట్టి ఈ మహత్కార్యాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

లెక్క తీస్తే జిల్లా మొత్తానికీ రోగి ఒక్కరే తేలారు. నా పక్క సీటు టైపిస్టమ్మ కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల. ఒంటిమీద గోధుమరంగు మచ్చలు, వయసుకు ముందే తొందరపడుతున్న గ్రంథులు, మూడుసార్లు విరిగిన కాలు. ఎముకల నొప్పి తగ్గడానికి సెలైన్‌లో ఎక్కించే మందు పై ఆఫీసు నుంచి రావాలి. ఏడాదిగా రాలేదు.

"ఇప్పుడైనా వస్తుందంటారా అన్నయ్యగారూ?" అంది టైపిస్టమ్మ.

"మంత్రిగారే పూనుకున్నాక రాక ఎక్కడికి పోతుందమ్మా!" అన్నాను.

మర్నాడే వాళ్ల వీధిలో దోమల పొగ వదిలారు. కాలవల్లో బ్లీచింగ్ చల్లారు.

"సార్, ఇది పుట్టుకతో వచ్చింది. దోమలతో కాదు," అంది టైపిస్టమ్మ.

"ఆ సంగతి దోమలకు తెలుసా?" అన్నారు అధికారిగారు. ఆయన ఆలోచన ఎప్పుడూ అంత లోతు.

యాభయ్యో రోజున వాళ్లింటి నీళ్లు పరీక్షకు పంపారు. డెబ్భయ్యో రోజున 'చేతులు కడుగు, ఎముకలు కాపాడు' అంటూ బడిపిల్లలతో ర్యాలీ తీశారు. పిల్ల కిటికీలోంచి సరదాగా చెయ్యూపింది. రోగుల సంఖ్య మాత్రం ఒకటి దగ్గరే మొండికేసింది.

తొంభయ్యో రోజుకి అధికారిగారికి తిండి సయించడం మానేసింది. తొంభై ఒకటిన దారి దొరికింది. టైపిస్టమ్మను పక్క జిల్లాకు బదిలీ చేశారు. కుటుంబ సమేతంగా, ప్రమోషన్ మీద!

"మందు అక్కడికి వస్తుందా సార్?"

"అక్కడివాళ్లు చూసుకుంటారులే అమ్మా. వెళ్లే ముందు ఈ రిపోర్టు కొట్టివ్వు."

కొట్టిచ్చింది. రోగులు: సున్నా. ఒక్క తప్పు పోలేదు.

మూడో రోజుకే పక్క జిల్లావాళ్లు ఆమెను తిప్పి పంపారు. వాళ్లు పోయిన నెలే సున్నా చేసుకున్నారట. టైపిస్టమ్మ మళ్లీ నా పక్కనే కూర్చుంది. కానీ మా సున్నా అప్పటికే పైకి వెళ్లిపోయింది. రోగుల్లేని జిల్లాకు మందెందుకని, మేం మందు కోరుతూ పంపిన ఇండెంటును పై ఆఫీసువాళ్లు రద్దు చేశారు. ఆ కాగితం చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. సమర్థమైన పాలన చూసినప్పుడు నాకలాగే అవుతుంది.

వందో రోజున సన్మాన సభ. మంత్రిగారికి పూలగుత్తి ఇవ్వడానికి ఎవరైనా పిల్ల కావాల్సి వచ్చింది. టైపిస్టమ్మ వెంట వచ్చి దగ్గర్లో ఉన్నది ఆ పిల్లే. చంకలో కర్రతో ఒక్కో మెట్టూ ఎక్కింది.

"అయ్యో, కాలికేమైంది తల్లీ?" అన్నారు మంత్రిగారు వంగి.

అధికారిగారు దగ్గారు. టైపిస్టమ్మ తల వంచుకుంది. పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాకేం లేదండీ," అంది. "రిపోర్టు మా అమ్మే కొట్టింది."

మంత్రిగారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.