వియ్యంకుడి గదికి వైరు

బోధన్‌లో ఎరువుల దుకాణం నడిపే రాందాసుకు టీవీ సీరియళ్లంటే గిట్టదని ఊరంతటికీ తెలుసు. కూతురు వర్ష పెళ్లి మాటల్లో కూడా వియ్యంకుడు బాపురావు ముందు మీసం దువ్వుకొని, "మా ఇంట్ల సీరియల్ ముచ్చటే ఉండది బావా" అన్నాడు. అన్నవాడు ఆ మాట మీద నిలబడాలా వద్దా? ఆర్నెల్లుగా మధ్యాహ్నం అన్నానికని ఇంటికొచ్చి, భార్య స్నేహలత కునుకు తీసే వేళ చూసి, కోడలి కష్టాల సీరియల్ ఒకటి దొంగచాటుగా చూస్తున్నాడు. ఆ గుట్టు బయటపడితే బజార్లో తలెత్తుకోలేడు పాపం.

ఆ శనివారం బాపురావు, పెళ్లయ్యాక మొదటిసారి, చుట్టంగా వస్తున్నాడు. మర్యాదకు లోటు రాకూడదు. భోజనమయ్యాక ఆయన లోపలి గదిలో పడుకొని క్రికెట్ చూడాలి. గదిలో పాత టీవీ ఉంది గానీ కనెక్షన్ లేదు. రాందాసు పొద్దున్నే నిచ్చెన వేసుకొని, హాల్లోని కేబుల్ డబ్బా నుంచి పొడుగాటి వైరును తలుపు మీదుగా, వంటింటి గోడ వెంబడి లాగి పాత టీవీకి తగిలించాడు. మేకు కొట్టిన ప్రతిచోటా సున్నం రాలింది.

"గీ తిప్పలన్నీ ఎందుకు?" అంది స్నేహలత.

"ఆయన టీవీల ఆయన చూస్తడు, మన టీవీల మనం చూస్తం. ఎవరిష్టం వాళ్లది."

డబ్బా ఒక్కటైతే రెండు టీవీల్లోనూ ఒక్కటే బొమ్మ వస్తుందన్న సంగతి ఆ మహానుభావుడి బుర్రకు తట్టనే లేదు.

మటన్ కూరతో తిని బాపురావు లోపల నడుం వాల్చాడు. రాందాసు క్రికెట్ పెట్టిచ్చి, హాలు టీవీ ఆపేశాడు. సీరియల్ అయిపోవచ్చే వేళకు ఉండబట్టలేక మళ్లీ వేసి, సౌండు పూర్తిగా తగ్గించి, ఛానల్ మార్చాడు. అంతే, లోపలి గదిలోంచి కోడలి ఏడుపు వినబడింది.

రాందాసుకు నవ్వాగలేదు. వంటింట్లోకి పోయి, "ఇన్నవా? పెద్దమనిషి సీరియల్ చూస్తుండు. మగోడై సిగ్గు లేదు" అన్నాడు.

స్నేహలత హాల్లోకి వచ్చి టీవీ చూసింది. లోపలి గది వైపు చెవి పెట్టింది.

"ఈడ ఏడిసేది, ఆడ ఏడిసేది ఒక్కతే గదా. నువ్వు పెట్టిందే ఆయనకు వస్తున్నది."

రాందాసు మొహం మాడిపోయింది. అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. బాపురావు ఎవరి మొహమూ చూడకుండా చెప్పులు తొడుక్కొని బయటికి వెళ్లిపోయాడు.

"అలిగిండు. క్రికెట్ తీసేసిన్నని అలిగిండు. నేనన్న మాట గూడ ఇన్నట్టున్నడు. రేపు ఆ ఇంట్ల మన వర్షను ఏమంటరో."

"నిలబడి చూస్తవేంది, ఉరుకు" అంది స్నేహలత.

బనీను మీదే ఉరికాడు. బాపురావు వీధి చివర దేవిదాస్ పాన్‌డబ్బా దగ్గర నిలబడి ఉన్నాడు. చుట్టూ రాందాసు దుకాణానికి వచ్చే రైతులే. ఇక వాళ్లను చూసే తీరిక ఎక్కడిది? వియ్యంకుడి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"తప్పయింది బావా. సీరియల్ పెట్టింది నేనే. ఆర్నెల్ల సంది చూస్తున్న. కోడలు ఏడిస్తే నాకూ ఏడుపొస్తది. నా మీది కోపం నా బిడ్డ మీద పెట్టకు."

బాపురావు బిత్తరపోయాడు.

"ఏం సీరియల్ బావా? తిన్నంక నాకు ఒళ్లు తెలవని నిద్ర. లేచి చూస్తే నమిలే తమాకు ఒడిసింది, డబ్బీ ఖాళీ. నీకెందుకు తిప్పలని నేనే వచ్చిన."

రాందాసు ఆయన చేతులు వదిలేసి బనీను కిందికి లాక్కున్నాడు. యూరియా బస్తాల కోసం తన ముందు చేతులు కట్టుకొని నిలబడే వాళ్లంతా ఇప్పుడు తననే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాడు మనిషి.

దేవిదాస్ మాత్రం నవ్వలేదు. ఆకుకు సున్నం రాస్తూ మెల్లగా అడిగాడు.

"గిరాకీల పడి నాకు ఇయ్యాల చూసుడు కాలేదే అన్నా. కోడలును ఎల్లగొట్టిండ్రా?"

రాందాసు తల ఎత్తలేదు.

"లేదు. సోమవారానికి పెట్టిండ్రు" అన్నాడు.